ఉప్పు చేప మీద నీలం రంగు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. వాళ్ళకు కావలసింది విజయగాథ అని నాకు తెలుసు. అలాంటివి చెప్పడానికి మా డైరెక్టరు గారు ఉన్నారు, చాలా బాగా చెబుతారు. నా దగ్గర ఉన్నది మంచి చేపల్ని గొయ్యి తీసి పాతిపెట్టిన కథ ఒక్కటే. చేదుగా ఉంటుంది. తెల్లకోటు వేసుకోబోయేవాళ్ళు ఒకసారి మింగి చూడటం మంచిదని రాస్తున్నాను.

కొత్తవలస దగ్గర, రైలు పట్టాల అవతల, ఒక చిన్న ప్రైవేటు పరిశోధన సంస్థలో నేను టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. కిరండూల్ లైను మీద ఖనిజం బండి వెళ్తుంటే మా తూకం యంత్రంలో అంకె నిలబడేది కాదు. డాక్టరేటు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరం చేతులు కట్టుకుని ఆ బండి పోయేదాకా నిలబడేవాళ్ళం. నా ఉద్యోగంలో అందరం సమానంగా ఉన్న సందర్భాలు అవే.

ఆఖరి ఏళ్ళలో మా దగ్గరికి ఒక ప్రాజెక్టు వచ్చింది. తినే వస్తువులో రోగం తెచ్చే సూక్ష్మజీవి ఉందో లేదో అక్కడికక్కడే చెప్పే పరికరం తయారు చెయ్యాలి. మామూలుగా అయితే నమూనాని ల్యాబుకు తెచ్చి, గాజు పళ్ళేల్లో పెంచి, ఏం మొలిచిందో చూడాలి. దానికి రోజులు పడతాయి. ఈలోగా చేప తిన్నవాడు ఆస్పత్రిలో ఉంటాడు. మేం చెయ్యాల్సింది కాగితపు పట్టీ. దాని మీద కంటికి కనపడనంత సన్నని బంగారు రేణువులు ఉంటాయి. బంగారం పసుపని మీకు తెలుసు. దాన్ని అంత సన్నం చేస్తే దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. సూక్ష్మజీవి తగిలితే ఆ రేణువులన్నీ దగ్గరికి చేరి ముద్దకడతాయి, ఎరుపు పోయి నీలం వస్తుంది. పట్టీని ఒక చిన్న పెట్టెలో పెడితే అది వెలుగు వేసి రంగు చదివి ఫలితం చెబుతుంది. ఎరుపంటే మంచిది, నీలమంటే పారెయ్యాలి. చాలా అందమైన పని. ఇప్పటికీ ఆ పని మీద నాకు కోపం లేదు.

పట్టీలు తయారు చేసింది ఎచ్చెర్లలో చదువుకుని మా దగ్గర పరిశోధనకు చేరిన ఒక అమ్మాయి. నమూనాలు తేవడం నా వంతు. కళింగపట్నం పక్కన ఒక పల్లెకు నెలకోసారి వెళ్ళి ఎండుచేపలు, ఎక్కువగా కవళ్ళనే చిన్న చేపలు, తెచ్చేవాణ్ణి. అక్కడ కొందరు ఆడవాళ్ళు కలిసి చేపలు ఎండబెట్టేవారు. అందరిలా ఇసక మీద పరిచెయ్యకుండా వెదురు పందిళ్ళు కట్టి, వాటి మీద వల పరిచి, కుక్కకూ కాకికీ అందకుండా ఎండబెట్టేవారు. వాళ్ళకు పెద్ద ఒకామె. పల్లెలో అందరూ ఆమెను అప్ప, అంటే అక్క, అనేవారు. నాకంటే చిన్నదే అయినా నేనూ అప్ప అనే పిలిచాను.

మొదటిసారి పట్టీ చూసి ఆమె చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఇదేటి బాబూ, బస్సు టికెట్టు ముక్కలాగున్నాది?"

"ఇందులో బంగారం ఉందప్పా."

"ఎండుసేపకి బంగారమెట్టి సూస్తారేటి? ఒసే, ఇన్నారా? మన కవళ్ళకి పెళ్ళిసూపులంట."

ఆడవాళ్ళంతా నవ్వారు. నన్ను చూసి నవ్వారో, బంగారాన్ని చూసి నవ్వారో తెలీదు. ఆ రోజు నుంచి నేను వెళ్తే "పెళ్ళిలపేరయ్యొచ్చినాడు" అనేవారు.

ఆమె మాకు నమూనాలు ఊరికే ఇవ్వలేదు. ఆమెకు ఒక ఆశ ఉంది. విజయనగరంలో ఒక పెద్ద దుకాణం యజమాని వీళ్ళ చేపల్ని పొట్లాలు కట్టి అమ్ముతానన్నాడట. శుభ్రమైనవని ఎవరైనా పరీక్ష చేసి చెబితేనే అన్నాడట. సంతలో గోనె మీద కూర్చుని, దళారి చెప్పిన ధరకు తల ఊపే బతుకు నుంచి దుకాణం అరల మీదకు వెళ్ళడానికి వాళ్ళకు దొరికిన దారి అదొక్కటే. "ఒక్క మాట మీరు మంచిదని సెప్తే సాలు బాబూ, మిగతాది మేం సూసుకుంతాం" అంది.

ఇప్పుడు ఒక్క సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఈ బంగారు రేణువులకు సూక్ష్మజీవి ఎంతో ఉప్పూ అంతే. ఉప్పు ఎక్కువైనా అవి ముద్దకట్టి నీలమైపోతాయి. ఇది మేం కనిపెట్టిన రహస్యం కాదు, ఈ విద్యలో మొదటి వారం నేర్పే పాఠం. అందుకని ఉప్పు చేపను పరీక్షించే ముందు ముక్కను మంచినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి, ఉప్పు పోయాక నూరి వడకట్టాలి. పూటంతా పట్టే పని. అలా చేసినప్పుడల్లా ఆ పల్లె చేపలు ఎర్రగానే వచ్చాయి. ఈ సంగతి అమ్మాయికి తెలుసు, నాకు తెలుసు, మా డైరెక్టరు గారికి మా ఇద్దరికంటే బాగా తెలుసు. తెలియక జరిగిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

పరికరం సిద్ధమయ్యాక దాన్ని పెద్దలకు చూపించాలి. సముద్రం ఒడ్డునే, ఆ పందిళ్ళ దగ్గరే ప్రదర్శన పెట్టారు. షామియానా, మైకు, పూల బొకేలు, కొబ్బరి బోండాలు. ఒక పెద్ద అధికారి వస్తున్నాడు. ముందుగా నానబెట్టి సిద్ధం చేసిన ముక్కలు నా దగ్గర ఉన్నాయి. ఉదయం డైరెక్టరు గారు వాటిని చూసి పక్కన పెట్టించారు.

"ముందే వండి తెచ్చామనుకుంటారండీ. ఆయనే తన చేత్తో పందిరి మీంచి చేప తియ్యాలి. మనం అక్కడే పరీక్ష చెయ్యాలి. అప్పుడు కదా నమ్మకం."

"ఉప్పు సార్?" అన్నాను.

"ఒకసారి నీళ్ళలో ముంచి తియ్యండి. ఇన్నాళ్ళూ వీళ్ళ చేపల్లో ఉప్పు పెద్దగా లేదు కదా, సరిపోతుంది."

అది నిజమే. వీళ్ళు మామూలుగా ఉప్పు పొదుపుగా వేసేవారు. నేను సర్లెమ్మని పందిళ్ళ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి కవళ్ళు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. వేలితో రాస్తే ఉప్పు పలుకులు రాలాయి.

"అప్పా, ఇంతుప్పేంటి?"

ఆమె కొత్త చీర కట్టుకుని ఉంది. ముఖం వెలిగిపోతోంది. "పెద్దోలొస్తన్నారు కదా బాబూ. కొత్తుప్పు తెప్పించి దట్టించినాం. మల్లీ పైన ఇంకోపాలి ఏసినాం. సూడు, ఈగ కూడా వాలదు."

వాళ్ళకు శుభ్రమంటే అదే. ఇంటికి చుట్టాలొస్తే మనం నెయ్యి ఎక్కువ వేస్తాం. వాళ్ళు ఉప్పు ఎక్కువ వేశారు. అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఉప్పు గురించి ఆమెకు మేం ఎన్నడూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు, నానబెట్టి తీసేవాళ్ళం కనక.

నేను దాదాపు పరుగెత్తాను. డైరెక్టరు గారు చొక్కా కాలరు సర్దుకుంటున్నారు.

"సార్, ఈ చేపల మీద విపరీతంగా ఉప్పుంది. నానబెట్టకుండా చేస్తే నీలం వస్తుంది. నా దగ్గరున్న ముక్కలతో చేద్దాం."

"తెలుసండీ," అన్నారు నెమ్మదిగా, నా భుజం మీద చెయ్యి వేసి. "తర్వాత చూద్దాం. ఆయన కారు దిగుతున్నాడు."

అధికారి పందిరి మీద నుంచి ఒక చేప ఎంచి తీశాడు. అమ్మాయి దాన్ని నీళ్ళలో ముంచి తీసి, నూరి, వడకట్టి, చుక్క పట్టీ మీద వేసింది. దానిమ్మ రంగు మా కళ్ళ ముందే చీకటిపడింది. పెట్టెలో పెట్టేదాకా కూడా ఆగక్కరలేకపోయింది. ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ నీలం కనిపించింది.

డైరెక్టరు గారి ముఖం నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కళ్ళార్పారు. ఆ రెప్పపాటులో ఆయన రెండు దారుల్లో ఒకటి ఎంచుకున్నారు. "పరీక్ష సరిగ్గా జరగలేదు, మళ్ళీ చేస్తాం" అంటే పెద్దమనిషి ముందు కాస్త చిన్నతనం, అంతే. ఆయన మైకు తీసుకున్నారు.

"చూశారా సార్. ల్యాబుకి పంపి ఉంటే ఈ మాట తెలియడానికి వారం పట్టేది. ఈలోగా ఈ చేపలు ఎన్ని ఇళ్ళకు వెళ్ళేవో."

అధికారి ముఖం వికసించింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఎర్ర పట్టీ చూపించి "అంతా బాగుంది" అంటే ఎవరు చూస్తారు? నీలం వచ్చింది కనకనే అక్కడ ప్రాణం లేచింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ పూట నేను రెండింటినీ ఒకే షామియానా కింద చూశాను.

నేను జనం మధ్య నుంచి ముందుకు వెళ్ళి గట్టిగానే అన్నాను. "అయ్యా, అది సూక్ష్మజీవి కాదు, ఉప్పు. నానబెట్టిన ముక్క నా దగ్గరుంది, ఇప్పుడే చేసి చూపిస్తాను."

అధికారి నా వైపు చూడలేదు. డైరెక్టరు గారిని అడిగాడు, "ఈయన ఎవరు?"

"మా టెక్నీషియన్ సార్. మంచివాడే, కొంచెం చాదస్తం."

అందరూ నవ్వారు. నేను నానబెట్టిన ముక్కల డబ్బా తెరిచేలోపు అధికారి లేచి, పందిళ్ళ మీద ఉన్న సరుకంతా ధ్వంసం చెయ్యమన్నాడు. పక్కన చెరువు పనిలో ఉన్న పొక్లెయిన్‌ని పిలిపించారు. ఇసకలో గొయ్యి తీశారు.

అప్పకు అప్పటిదాకా ఏం జరుగుతోందో అర్థం కాలేదు. చేపల్ని గోనెల్లోకి దులుపుతుంటే వచ్చి అడ్డం నిలబడింది. "ఏటైనాది? మా సేపకేటైనాది? నానిప్పుడు తింతాను, సూడండి" అని ఒక చేప తీసి కొరికింది. ఎవరో ఆమె చేతిలోంచి దాన్ని లాగేశారు. విషం తింటున్న మనిషిని కాపాడినట్టు లాగారు. ఫోన్లలో తిరిగిన వీడియోలో అందరికీ గుర్తుండిపోయింది ఆ ముక్కే. గొయ్యిలో చేపలు, వాటి మీద బ్లీచింగ్ పౌడరు, కొత్త చీరలో ఒక ఆడమనిషి. కింద ఆ పల్లె పేరు పెద్ద అక్షరాలతో.

గోనెలు ఎత్తుతున్నప్పుడు నేను కొన్ని చేపలు పొట్లం కట్టి సంచీలో వేసుకున్నాను. తిరుగు ప్రయాణానికి జీపెక్కాం. జీపు కదలగానే నేనే అన్నాను.

"సార్, అది ఉప్పు."

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు కాదు సార్."

"కల్చర్ పెట్టండి. ఫలితం వచ్చాక చూద్దాం" అని కళ్ళు మూసుకున్నారు. వెనక సీట్లో అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. ఆమెను నేను ఏమీ అనలేదు, ఇప్పుడూ అనను. ఆమె చదువు ఆయన సంతకం మీద ఉంది.

గాజు పళ్ళేలు పెట్టాను. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పెట్టాను. ఏమీ మొలవలేదు. అంత ఉప్పులో ఆ సూక్ష్మజీవి బతకడమే కష్టం. పళ్ళేలు తీసుకెళ్ళి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను. చూసి తల ఊపారు.

"మంచిది. ఉప్పు ఎక్కువున్న నమూనాలతో జాగ్రత్త అవసరమని వ్యాసంలో రాద్దాం."

"ఊళ్ళో చెప్పాలి కదా సార్."

"మీరు వెళ్ళి చెప్పండి."

"మైకులో చెప్పింది మీరు."

ఆయన కోపం తెచ్చుకోలేదు. చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది, తిట్టి బయటికి వచ్చేవాణ్ణి. కాఫీ తెప్పించి నెమ్మదిగా చెప్పారు. పరికరం మొదటి రోజే తప్పు చెప్పిందని బయటికి వస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది, అమ్మాయి చదువు ఆగిపోతుంది, రేపు నిజంగా చెడిపోయిన చేపను పట్టే సాధనం లేకుండా పోతుంది, ఒక పల్లె కోసం అంత నష్టం న్యాయమేనా అని. వింటుంటే న్యాయంగానే ఉంది. అదే నా ఒళ్ళు మండించింది.

నేను ఊరుకోలేదు. ఆ గొయ్యి వార్త పేపర్లో రాసిన విలేకరి దగ్గరికి వెళ్ళాను. "చేపల్లో ఏమీ లేదన్నది వార్తెలా అవుతుంది మాస్టారూ?" అన్నాడు. విజయనగరం దుకాణం యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టాడు. "నాకు మీ మాట మీద నమ్మకమే అండీ. కొనేవాడికి నేనేం చెప్పను? ఆ గొయ్యి అందరి ఫోన్లోనూ ఉన్నాది" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికిలి చూసినా చిన్నదిగానే ఉంది.

చివరికి పల్లెకు వెళ్ళాను. అప్ప పందిరి కింద వల బాగుచేసుకుంటోంది. నన్ను పేరయ్య అని ఎవరూ పిలవలేదు. మీ చేపల్లో ఏ దోషమూ లేదని, తప్పు మాదేనని చెప్పాను. ఆమె వల మీంచి తల ఎత్తకుండా వింది.

"ఆ యేల మైకెట్టి సెప్పినారు. ఇయేల నా సెవిలో సెప్తన్నావు."

నేను ఏదో కాగితం రాసి ఇప్పిస్తానన్నాను. ఆమె చెయ్యి ఊపింది.

"కాయితం నానేటి సేసుకుంతాను బాబూ, నాకు సదువొస్తాదా, కొన్నోలు సదువుతారా? మీ సారుని ఓపాలి రమ్మను. మా ఇంటికాడ కూసోమను. మా సేపతోటి రెండు ముద్దలు తినమను. ఆ పోన్లు పట్టుకున్నోల్నే పిలుద్దాం. తప్పైపోనాదని కూడా అనొద్దు, తింతే సాలు."

నా ఉద్యోగంలో ఇంత తేలికైన పరిహారం ఎవరూ అడగలేదు. పరుగున వచ్చి డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన నొచ్చుకున్నట్టు నవ్వారు.

"నాకు చేప వాసనే పడదండీ. మీకు తెలుసు కదా."

తెలుసు. ప్రదర్శన రోజున కూడా ముక్కుకు జేబురుమాలు పెట్టుకునే నిలబడ్డారు. అయినా అడిగాను, ఎన్నోసార్లు అడిగాను. పదిమంది ఉన్న సమావేశంలో కూడా అడిగాను. ఆ తర్వాత నన్ను రసాయనాల గోదాముకు మార్చారు. రిటైరయ్యేదాకా సీసాల మధ్యే కూర్చున్నాను. అక్కడికి ఖనిజం బండి మోత కూడా సరిగా వినపడేది కాదు.

ఆ అమ్మాయి మాత్రం పట్టు వదల్లేదు. రేణువులకు పైన ఒక పొర తొడిగి, ఉప్పులో ముంచినా ముద్దకట్టని పట్టీ చేసింది. మంచి పట్టీ అది. కోపం కొద్దీ ఆ మాట దాచను. దానికి బహుమతి వచ్చింది, సంస్థలో సభ జరిగింది. రిటైరైనవాళ్ళను కూడా పిలిచారు. డైరెక్టరు గారు మాట్లాడుతూ, "మొదట్లో ఒక పల్లెలో మా పరికరం పొరబడింది. ఆ పొరపాటే మాకు గురువు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

నేను వెనక వరసలోంచి లేచాను. "ఆ పల్లె పేరు చెప్పండి సార్."

ఆయన నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగానే నవ్వారు. "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో భోజనాలు పెట్టారు.

నింద వేసిన రోజు పేరు కావాలి, నింద తీసే రోజు "ఒక పల్లె" చాలు. నేను కూడా ఇక్కడ ఆ పేరు రాయలేదని మీరు గమనించే ఉంటారు. రాస్తే మీరు ముందు వెతికేది ఆ వీడియోనే, అందుకని రాయలేదు. పిల్లలూ, పరికరం పొరబడటం మామూలే. పొరబడినప్పుడు పక్కన నిలబడ్డ మనిషి ఏం చేస్తాడన్నదే మీ చదువు. ఇంతకంటే పెద్ద నీతి నాకు చేతకాదు.

అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో, గర్భం వచ్చిందో లేదో చూసుకునే పట్టీలు చేసే కంపెనీలో ఉంది. అక్కడా బంగారు రేణువులే. వెళ్ళేముందు కొత్త పట్టీల డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి, "సార్, ఒకసారి అక్కడికి తీసుకెళ్ళండి" అంది. పేరు చెప్పకపోయినా ఎక్కడికో నాకు తెలుసు.

వెళ్ళాను. పందిళ్ళు లేవు. వెదురు బొంగులు ఎవరి దొడ్డి కంచెకో పోయాయి. అప్ప రొయ్యలు వొలిచే షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది. ఐసులో నాని వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి చాప వేసింది.

"మా సారు రాలేదప్పా. నేను తింటాను, పెట్టు."

"నువ్వు తింతే ఎవులు సూస్తారు బాబూ?" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది. లోపలికి వెళ్ళి అన్నం, ఎండు కవళ్ళ పులుసు తెచ్చి పెట్టింది. ఆకలి మీద ఉన్నానేమో, చాలా బాగుంది. ఆ మాటే చెప్పాను. పక్కనున్న సంచీలోంచి పట్టీల డబ్బా తీసి చాప మీద పెట్టాను.

"ఇది కొత్తదప్పా. ఎంతుప్పున్నా పొరబడదు. ఈ చేపే ఇంకొకటి తే, నీ కళ్ళ ముందే చేస్తాను. ఫోనులో కూడా తీద్దాం."

ఆమె డబ్బా వైపు చూసి, నా కంచం వైపు చూసింది.

"ఇది మాది కాదు బాబూ. సంతలో కొన్నాం. మావోలే మా సేప తినడం మానీసినాక, ఎవులికని ఎండెట్టాల?"

నేను డబ్బా మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను. ఆమె ఇంకో గరిటెడు అన్నం వడ్డించి, తిను బాబూ, చల్లారిపోతాదంది.